పట్టినంత

ఎదిర్నెలో, చేపల అంగళ్ళ వెనక సందులో
నేలమాళిగ బేకరీ.
తెల్లవారుజామున నాలుగింటికి
తూకం మిషను మీద ఆకుపచ్చ సున్నా ఒక్కటే మేలుకుంటుంది.

ఓర్హున్ గారు కొత్తగా కొన్న పిండి కలిపే యంత్రానికి
గ్లాసుల భాష రాదు.
"నెఫీసె అత్త నోట్లోంచి గ్రాములు రాబట్టు" అన్నాడు నాతో.
అదేదో పంటి వైద్యమైనట్టు.

అత్త లెక్కలన్నీ కరెంటు బిల్లుల వెనక
పెన్సిలు రాతలు:
వెన్న, రెండు అగ్గిపెట్టెలంత.
పంచదార, నీళ్ళ గ్లాసుడు.
నూనె, టీ గ్లాసుకి నడుము దాకా.
పిండి, పట్టినంత.

ముందు గ్లాసు సంగతి తేలుద్దామని
బస్తాలో ముంచి, కత్తి వెన్నుతో తలగొట్టి
పళ్ళెంలో వంపాను.
నూటనలభై ఒకటి.
అత్త చెంచాతో మంచు రాల్చినట్టు నింపి ఇచ్చింది.
నూటపధ్నాలుగు.
అదే గ్లాసు, అదే బస్తా.
"గాలీ ఒక దినుసే పిల్లా,
దానికి బిల్లు లేదని మీవాడు లెక్కలోంచి తీసేశాడు."

పంచదార బుద్ధిమంతురాలు,
ఎవరు పోసినా నూటడెబ్భై రెండు దగ్గర కుదురుగా కూర్చుంది.
తేనె రెండువందల ఎనభై నాలుగు తూగింది గానీ
గ్లాసు గోడలు వదిలి రానన్నది ఇంకో పదకొండు.
దాన్ని ఏ పద్దులో రాయాలో తెలీక
వేలితో తుడిచి నాకేశాను.

గ్లాసు అంచున ఓ పెచ్చు లేచిన చోట
అత్త బొటనవేలు ఆగింది.
మెరిచ్ నది ఊళ్ళోకొచ్చిన ఏడు,
రైల్వే జీతం మూడు నెలలు రాని చలికాలం,
ఈ గ్లాసు పట్టుకునే పక్కింటి తలుపు కొట్టిందట.
సెవ్దియె, కళ్ళెత్తి చూడకుండా,
గ్లాసుని కిటికీ గట్టుకి మూడుసార్లు తట్టి
కుదేసి, అరచేత్తో అదిమి
పైన గుమ్మటం కట్టి ఇచ్చిందట.
"వసంతంలో నేనూ అలాగే తట్టి, అదిమి
తిరిగిచ్చాను. అయినా
ఎక్కడో కాస్త బాకీ ఉన్నట్టే ఉంటుంది."

ఆమె పొయ్యి వైపు తిరిగాక
నేనూ తట్టి చూశాను, మూడుసార్లు.
అదిమాను. గుమ్మటం కట్టాను.
నూటఎనభై ఎనిమిది.
కాగితం మీద ఆ అంకె వేసి
పక్కన ఏం రాయాలో తోచక
సెవ్దియె అని రాసుకున్నాను.

యంత్రం మాత్రం నా నూటనలభై ఒకటినే నమ్మింది.
నాలుగు గ్లాసులు మింగి, గరగరమని తిరిగి
ఇచ్చిన కురాబియెలు
ఇంటి కప్పుకి పెంకులుగా పనికొస్తాయి.
ఓర్హున్ గారు ఒకటి కొరికి, దవడ పట్టుకుని
నా వైపు చూశాడు.
జీతం రోజుకింకా వారం ఉంది.

రెండో వాయికి అత్త స్విచ్చి ఆపేసి
మోచేతి దాకా గిన్నెలో చెయ్యి పెట్టింది.
కొంచెం పిండి. ఇంకొంచెం.
చిటికెడు ముద్ద వేళ్ళ మధ్య నలిపి
రెండో చేత్తో నా చెవి తమ్మె పట్టుకుంది.
"ఇంత మెత్తన. ఇక్కడికొచ్చాక ముద్ద
చాలంటుంది. విను."
నేను విన్నాను. యంత్రం చల్లారుతున్న చప్పుడు తప్ప
ఏమీ వినపడలేదు.
కానీ ముద్ద ముట్టుకుంటే తెలిసింది.

ఆ వాయికి పట్టింది నాలుగువందల అరవై మూడు.
మర్నాడు వానొచ్చింది.
నాలుగువందల డెబ్భై ఎనిమిది.

గోడకి అంటించమన్న అట్ట మీద
పెద్ద అక్షరాలతో గ్రాములన్నీ రాశాను,
వెన్న, పంచదార, నూనె,
అగ్గిపెట్టెలకీ నడుములకీ సెలవిచ్చి.
పిండి దగ్గర
నాలుగువందల అరవై అని రాసి, కామా పెట్టి
ఆ పైన చెవి అని రాశాను.

ఓర్హున్ గారు కళ్ళద్దాలు నుదుటికెక్కించి
అట్టంతా చదివాడు.
చివరి మాట దగ్గర ఏదో అనబోయి ఆగాడు.
పిండంటిన అతని చెయ్యి
తనకి తెలీకుండానే
చెవి దాకా వెళ్ళింది.